ఎముక ముక్క యాసిడ్‌లో ఎన్ని గంటలు ఉండాలి?

తర్వాత చదివేవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను. మీరు హిస్టాలజీ ల్యాబ్‌లో, అంటే కణజాలాన్ని పలుచగా కోసి స్లైడ్ చేసే ల్యాబ్‌లో చేరి ఆరు నెలలైంది. ఫీమర్ హెడ్ (తొడ ఎముక పైనున్న గుండ్రటి తల) నుంచి కోసిన ముక్కను శుక్రవారం సాయంత్రం 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో వేసి, సోమవారం పొద్దున తీశారు. స్లైడ్ మీద అంతా గులాబీ రంగే, న్యూక్లియస్‌ల జాడ లేదు. అంతకు ముందు వారం ఇదే యాసిడ్‌లో ఒక్క రోజు ఉంచిన ఇంకో ముక్కేమో మైక్రోటోమ్ (పలుచని సెక్షన్లు కోసే యంత్రం) మీద కరకరలాడి బ్లేడు అంచు పాడుచేసింది. ఏ యాసిడ్ వాడాలి, కచ్చితంగా ఎన్ని గంటలు ఉంచాలి, పాడైన బ్లాకుల్ని (మైనంలో బిగించిన ముక్కల్ని) బాగు చేయొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. రోగికి ఎక్కడిదో క్యాన్సర్ ఎముకకు పాకిందన్న అనుమానం ఉందనీ, ఆ ఫీమర్ హెడ్‌లో మిగతా సగం ఇంకా ఫార్మలిన్‌లోనే (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) ఉందనీ రాశారు. ఆ చివరి వాక్యం చదివాక ప్రాణం లేచొచ్చింది.

మీకు జరిగినవి రెండు వేర్వేరు పొరపాట్లలా కనబడుతున్నాయి గానీ నిజానికి ఒకటే. రెండుసార్లూ గడియారం చూసి ముక్కను బయటికి తీశారు. లోపల కాల్షియం ఉందో లేదో చూసి తీయలేదు. ఒకసారి ముందే తీశారు, ఇంకోసారి ఎప్పుడో తీయాల్సింది ఆలస్యంగా తీశారు. అందుకే "ఎన్ని గంటలు" అన్న ప్రశ్నకు నేను అంకె చెప్పను. చెప్తే ఇంకో ముక్క పాడవుతుంది.

ఎందుకో చెప్పాలంటే యాసిడ్ లోపల ఏం చేస్తుందో చూడాలి. గట్టి ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. అందులో ముఖ్యమైనది హైడ్రాక్సీఅపటైట్, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికం. మిగిలినదాంట్లో కొంత నీరు పోగా ఎక్కువ భాగం కొల్లాజెన్. బడిలో ఎముకను వెనిగర్‌లో నానబెట్టి రబ్బరులా వంచి చూపించే ప్రయోగం గుర్తుందా? ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ చట్రం మిగలడమే అది. మనం ల్యాబ్‌లో చేసేదీ అదే. మైనంతో నింపి నాలుగైదు మైక్రాన్ల మందంలో కోయాలంటే ముక్కలో రాయి ఉండకూడదు.

చిక్కల్లా యాసిడ్‌కు కాల్షియం మీద ప్రత్యేకమైన పగేమీ లేకపోవడంతోనే వస్తుంది. ఖనిజం అయిపోయాక అది ఊరుకోదు. నిజానికి ఖనిజం ఉన్నంతసేపూ అది యాసిడ్‌ను కొంత తన మీదకు లాక్కుంటూ చుట్టుపక్కల కణాలను కాపాడుతుంది. అది పోయిన క్షణం నుంచి కణాలకు అడ్డు ఉండదు. డీఎన్ఏలోని ప్యూరిన్‌లు (దాని నాలుగు అక్షరాల్లో రెండు) ఊడిపోతాయి, ఆ తర్వాత గొలుసే తెగుతుంది. హెమటాక్సిలిన్ అనే రంగు నీలంగా పట్టుకునేది న్యూక్లియస్‌లోని ఆ ఆమ్ల పదార్థాన్నే. అది కరిగిపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గులాబీ రంగు ఇయోసిన్ మాత్రం కొల్లాజెన్‌కూ ప్రొటీన్లకూ నిక్షేపంగా అంటుకుంటుంది. మీ గులాబీ స్లైడ్ కథ ఇదే. డీఎన్ఏకు రంగు వేసే ఫ్యూల్‌జెన్ స్టెయిన్ మీరు ఎప్పుడైనా చేసి ఉంటే, అందులో 60 డిగ్రీల దగ్గర హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నిమిషాలు లెక్కపెట్టి ఉంచుతాం. అక్కడ కావాలని ప్యూరిన్‌లు తీసే పనిని మీ ముక్కలో నైట్రిక్ యాసిడ్ మూడు రాత్రులు ఎవరూ అడగకుండానే చేసింది.

ఇక యాసిడ్ బయటి నుంచి లోపలికి పొర వెంట పొర వెళ్ళాలి. ముక్క మందం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపుతో ఆగదు, అంతకంటే బాగా ఎక్కువ పడుతుంది. అందుకే మందమైన ముక్కలో రెండు నష్టాలూ ఒకేసారి జరుగుతాయి. అంచుల దగ్గర కణాలు చచ్చినట్టు పాలిపోయి ఉంటాయి, నడిమధ్య రాయి అలాగే ఉంటుంది. ఒకే స్లైడ్ మీద రెండూ చూసినవాళ్ళకు ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి పని యాసిడ్ దగ్గర కాదు, రంపం దగ్గర మొదలవుతుంది. నేను ముక్క మందం 3 మి.మీ., మహా అయితే 4 మి.మీ. దాటనివ్వను. సన్న పళ్ళ రంపంతో నిదానంగా కోయండి. రంపపు పొడి కోసిన ముఖం మీద మెత్తలా పేరుకుని, మజ్జ ఖాళీల్లోకి దిగుతుంది. స్లైడ్ మీద చూస్తే అది చచ్చిన ఎముక ముక్కల్లా కనబడి కొత్తగా వచ్చిన డాక్టర్లను పక్కదారి పట్టిస్తుంది. ముక్కను మెత్తటి బ్రష్‌తో నీటి కింద కడగండి. డీకాల్ (కాల్షియం తీసేయడం) అయ్యాక ఆ ముఖం నుంచి ఒక పలుచని చెక్కు బ్లేడుతో తీసేస్తే ఇంకా మంచిది.

రెండోది ఫిక్సేషన్, అంటే కణాలు చెడిపోకుండా ఫార్మలిన్‌తో బిగించడం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. సరిగ్గా ఫిక్స్ కాని కణజాలాన్ని యాసిడ్ ఎన్నో రెట్లు ఎక్కువగా పాడుచేస్తుంది. ఫీమర్ హెడ్‌ను కోయకుండా గుండ్రంగా డబ్బాలో పడేసి రెండు రోజులు ఉంచి "ఫిక్స్ అయింది" అనుకుంటారు చాలామంది. బయట మృదులాస్థి, దాని కింద గట్టి పొర, లోపలంతా కొవ్వు. ఫార్మలిన్ ఎటు నుంచి లోపలికి వెళ్తుంది? ముందు సగానికి కోసి, పలకలు తీసి, అప్పుడు పలకలను కొత్త 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు పదిహేను ఇరవై రెట్ల ద్రవంలో, 24 నుంచి 48 గంటలు ఉంచండి. కేసు త్వరగా కావాలని పైవాళ్ళు ఒత్తిడి చేస్తే యాసిడ్ దగ్గర తొందరపడండి గానీ ఫిక్సేషన్ దగ్గర పడకండి. నిజం చెప్పాలంటే యాసిడ్ దగ్గరా పడొద్దు, కానీ రెంటిలో ఒకటి తప్పదంటే ఇది.

ఫార్మలిన్ నుంచి తీసిన ముక్కను నేరుగా యాసిడ్‌లో వేయకండి. కనీసం అరగంట పారే నీటిలో కడగండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడేవాళ్ళయితే ఇది మరీ ముఖ్యం. ఫార్మాల్డిహైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ గాఢంగా కలిస్తే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ పుడుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం.

ఇప్పుడు మీరు అడిగిన యాసిడ్ సంగతి. వాడుకలో ఉన్నవి మూడు రకాలు. బలమైన యాసిడ్‌లు, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్, 5 నుంచి 10 శాతం. బలహీనమైన యాసిడ్, అంటే ఫార్మిక్, అదీ 5 నుంచి 10 శాతమే. అసలు యాసిడ్‌గా పనిచేయకుండా కాల్షియాన్ని పట్టి లాగేది ఈడీటీఏ, 10 నుంచి 14 శాతం, పీహెచ్ 7.2 నుంచి 7.4.

బలానికీ బలహీనతకీ ఉన్న తేడాను ఒక్క లెక్కతో చూపిస్తాను. 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో ఉన్న హైడ్రోజన్ అయాన్‌లన్నీ ఒక్కసారే విడిపోయి ఉంటాయి. దాని పీహెచ్ ఇంచుమించు సున్నా దగ్గర ఉంటుంది. 10 శాతం ఫార్మిక్‌లో యాసిడ్ అంతకు దాదాపు మూడు రెట్లు ఉన్నా, ఏ క్షణంలో చూసినా అందులో వందో వంతు మాత్రమే విడిపోయి ఉంటుంది. పీహెచ్ 1.7 దగ్గర నిలుస్తుంది. ఖర్చయిన కొద్దీ నిల్వలోంచి కొత్తవి విడిపోతూ ఉంటాయి. అంటే నైట్రిక్ జేబులో డబ్బంతా చేతిలో పట్టుకుని తిరిగేవాడు, ఫార్మిక్ బ్యాంకులో వేసుకుని కొంచెం కొంచెం తీసుకునేవాడు. కణాలకు ఎవరి పక్కన ఉంటే మంచిదో మీరే చూడండి.

అదే లెక్కను ద్రవం ఎంత పోయాలి అన్నదానికీ వాడొచ్చు. ఒక గ్రాము గట్టి ఎముకలో సుమారు 0.65 గ్రాముల ఖనిజం అనుకుందాం. దాన్ని కరిగించడానికి కనీసం 9 మిల్లీమోల్‌ల (అణువులు, అయాన్‌ల సంఖ్యకు వాడే కొలత) హైడ్రోజన్ అయాన్‌లు కావాలి. 5 శాతం నైట్రిక్ 20 మి.లీ.లో ఉండేవి 16. సరిపోతాయి గానీ మరీ మిగిలిపోయేంత కాదు. మీరు చిన్న క్యాసెట్ డబ్బాలో ఐదు ముక్కలు కుక్కి 50 మి.లీ. పోస్తే మొదట్లో వేగంగా కరిగి, తర్వాత నత్తనడక నడుస్తుంది. ఒక్క రోజు ఉంచినా లోపల రాయి మిగిలిపోవడానికి కారణం ఇదే కావొచ్చు. ఈడీటీఏ దగ్గర లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. అది ఒక కాల్షియాన్ని ఒక అణువుతో పట్టుకుంటుంది. ఆ గ్రాము ఎముకలో 6.5 మిల్లీమోల్‌ల కాల్షియం ఉంటే, 14 శాతం ఈడీటీఏ 20 మి.లీ. పట్టుకోగలిగింది దాదాపు 7.5. సరికి సరి. ద్రవం మార్చకుండా వారాలు ఉంచి "ఈడీటీఏ పనిచేయదండీ" అనేవాళ్ళను చాలామందిని చూశాను. పనిచేసింది, పట్టుకోగలిగినంతా పట్టుకుంది, ఆపైన చేతులు ఖాళీ లేవు.

నా అలవాటు చెప్తాను, మీ ల్యాబ్‌లో అందరూ ఒప్పుకోకపోవచ్చు. మామూలు ఎముక ముక్కలన్నింటికీ 10 శాతం ఫార్మిక్. మజ్జ ట్రెఫైన్ బయాప్సీకీ (బోలు సూదితో తీసే సన్న ఎముక ముక్క), క్యాన్సర్ పాకిందేమోనన్న ఎముకకీ, జన్యు పరీక్ష అడిగే అవకాశం ఉన్న ఏ ముక్కకైనా ఈడీటీఏ. నైట్రిక్ యాసిడ్ అయితే చిన్న ముక్క, అత్యవసరం, ఆ రోజంతా దగ్గరే కూర్చుని గంటగంటకూ చూసే మనిషి, ఈ మూడూ కుదిరినప్పుడే. రాత్రి పూట నైట్రిక్‌లో ముక్క ఉంచి ఇంటికి వెళ్ళను. "ర్యాపిడ్" అని రాసి అమ్మే రెడీమేడ్ ద్రవాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. సీసా మీద పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టిక చదవండి.

అలాగని ఫార్మిక్ అంటే ఎంతకాలమైనా ఉంచొచ్చని కాదు. 3 మి.మీ. స్పాంజి ఎముక ఒకటి నుంచి మూడు రోజుల్లో అయిపోతుంది. గట్టి కార్టికల్ ఎముకకు వారం పైన పడుతుంది. ఈడీటీఏలో ట్రెఫైన్‌కు ఒకటి రెండు రోజులు, పెద్ద గట్టి ఎముకకు వారాలు. ఇవి ఎప్పటి నుంచి పరీక్షించడం మొదలుపెట్టాలో తెలియడానికి చెప్పిన అంకెలు. ఎప్పుడు తీయాలో చెప్పే అంకెలు కావు.

అమరిక గురించి నాలుగు మాటలు. ముక్క డబ్బా అడుగున పడి ఉండకూడదు. గుడ్డలో కట్టి దారంతో ద్రవం నడుమ వేలాడదీయండి, లేదా క్యాసెట్ కింద ఎత్తు పెట్టండి. కరిగిన కాల్షియం బరువుగా కిందికి దిగుతుంది. అడుగున ఉన్న ముక్క తాను వదిలిన దాంట్లోనే నానుతుంటుంది. ద్రవం ముక్కకు కనీసం ఇరవై రెట్లు. రోజూ మార్పు. నెమ్మదిగా కదిలించే రోటేటర్ ఉంటే చాలా మేలు. గది వేడిమి చాలు. వేడి చేస్తే త్వరగా అవుతుందన్నది నిజమే, కానీ పాడవడమూ అంతే వేగంగా అవుతుంది. 60 డిగ్రీల దగ్గర బలమైన యాసిడ్‌లో ఉంచితే ముక్క పులుసులో ఉడికినట్టవుతుంది. ఈడీటీఏను మాత్రం 37 డిగ్రీల దగ్గర ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. క్యాసెట్‌కు ఇనుప మూత ఉంటే యాసిడ్ దాన్నీ తింటుంది కాబట్టి ప్లాస్టిక్ మూతే వాడండి. నంబరు పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెరిగిపోయి, రెండు క్యాసెట్‌లు చేతిలో పట్టుకుని ఏది ఎవరిదో తెలియక నిలబడే పరిస్థితి శత్రువుకు కూడా వద్దు.

ఇప్పుడు అసలు విషయం. కాల్షియం పోయిందని ఎలా తెలుస్తుంది?

చాలా ల్యాబ్‌లలో వేలితో వంచి చూస్తారు, లేదా సూది గుచ్చి చూస్తారు. దయచేసి మానేయండి. వంచితే పగుళ్ళు వస్తాయి, గుచ్చితే గుచ్చినచోట కన్నం పడుతుంది. సన్న బయాప్సీలో ఆ కన్నం ఉన్నచోటే మనకు కావలసింది ఉండొచ్చు. పైగా బయటి పొర మెత్తబడితే చాలు ముక్క వంగుతుంది. లోపలి సంగతి వేలికి తెలియదు. బుడగలు ఆగిపోతే అయిపోయినట్టు అనుకోవడమూ తప్పే. బుడగలు ఎముకలోని కార్బొనేట్ నుంచి వచ్చేవి, ఫాస్ఫేట్ నుంచి కాదు.

నేను నమ్మేది ఆక్సలేట్ పరీక్షను. ముక్క ఉన్న ద్రవం అడుగు నుంచి 5 మి.లీ. పిపెట్‌తో తీయండి. ఆ ద్రవం మార్చి కనీసం ఆరేడు గంటలైనా అయి ఉండాలి, లేకపోతే కాల్షియం బయటికి రావడానికి సమయం చాలదు. అందులో లిట్మస్ కాగితం వేసి, గాఢ అమ్మోనియాను చుక్క చుక్కగా, కదుపుతూ, కాగితం నీలంగా మారేదాకా వేయండి. ఈ దశలోనే తెల్లగా మబ్బు పట్టిందంటే కాల్షియం దండిగా ఉంది, ముందుకు వెళ్ళక్కర్లేదు, ద్రవం మార్చి రేపు చూడండి. తేటగా ఉంటే సంతృప్త అమ్మోనియం ఆక్సలేట్ 5 మి.లీ. కలిపి, కదిపి, అరగంట పక్కన పెట్టండి. మబ్బు పడితే ఇంకా మిగిలి ఉంది. తేటగానే ఉంటే ఆ విడత ద్రవంలోకి కాల్షియం రాలేదని అర్థం. నేను వరుసగా రెండు విడతలు తేటగా వచ్చేదాకా ఫార్మిక్‌లో ఉంచుతాను. నైట్రిక్ అయితే ఒక్కసారి తేటగా వస్తే చాలు, వెంటనే తీసేస్తాను.

ఇందులో ఇద్దరు దొంగలున్నారు. మొదటిది, అమ్మోనియా చాలకపోవడం. బలమైన యాసిడ్‌లో కాల్షియం ఆక్సలేట్ కరిగిపోతుంది. నీలం రాకముందే ఆక్సలేట్ కలిపేస్తే కాల్షియం ఉన్నా తేటగానే కనబడుతుంది. రెండోది, కుళాయి నీరు. యాసిడ్‌ను కుళాయి నీటితో కలిపితే ఆ నీటిలోని కాల్షియమే మబ్బు పట్టిస్తుంది. ముక్క ఎప్పుడో అయిపోయినా మీరు "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అని రోజులు గడుపుతారు. డిస్టిల్డ్ నీటితోనే కలపండి. ముక్క వేయని కొత్త ద్రవంతో కూడా అదే పరీక్ష పక్కన చేసి రెండు గొట్టాలూ నల్ల కాగితం ముందు పెట్టి చూడండి.

ఈ రెండో దొంగ చేతిలో నేనే ఒకసారి మోసపోయాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో డిస్టిల్డ్ నీరు అయిపోయిందని కుళాయి నీటితో ఫార్మిక్ కలిపాను. వెన్నుపూస బయాప్సీ, అగ్గిపుల్ల అంత ముక్క. రోజూ మబ్బు. ఐదు రోజులు ఉంచాను. చివరికి మా సీనియర్ వచ్చి ఖాళీ ద్రవంతో పరీక్ష చేయమంది. అదీ మబ్బే. ముక్క రెండో రోజుకే అయిపోయి ఉంటుంది. స్లైడ్ చదవగలిగారు గానీ ఇమ్యునో స్టెయిన్‌లు (యాంటీబాడీలతో ఫలానా ప్రొటీన్ ఉందో లేదో చూపే పరీక్షలు) సరిగా రాక బయాప్సీ మళ్ళీ చేశారు. వెన్నులో మళ్ళీ సూది అంటే ఆ మనిషికి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రే దొరికితే అంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు. ముక్కను తీసి, కడిగి, ఫిల్మ్ మీద చూస్తే తెల్లటి చుక్కలు మిగిలాయో లేదో కళ్ళకే కనబడుతుంది. మెర్క్యురీ లాంటి లోహం ఉన్న ఫిక్సేటివ్ వాడి ఉంటే మాత్రం ఫిల్మ్ అబద్ధం చెప్తుంది. ఎక్స్‌రే లేని చోట తూకం ఉంది. ద్రవం మార్చినప్పుడల్లా ముక్కను ఒకే తీరుగా అద్ది తూచి రాసుకుంటే, మొదట బరువు తగ్గుతూ వచ్చి, ఖనిజం పోయాక ఆగి, తర్వాత నీరు పీల్చి కొంచెం పెరుగుతుంది. ఆ మలుపు కనబడితే ఆపేయాలి. ఈడీటీఏకు ఆక్సలేట్ పరీక్ష నేరుగా పనిచేయదు, ఎందుకంటే కాల్షియాన్ని అది పట్టుకుని కూర్చుంటుంది. తీసిన ద్రవాన్ని పీహెచ్ 3.2 నుంచి 3.6 కు దింపి అప్పుడు ఆక్సలేట్ కలపాలి. నేనైతే ఈడీటీఏకు ఎక్స్‌రేనో తూకమో వాడతాను.

శుక్రవారం సాయంత్రానికి పని సగంలో ఉంటే ఏం చేయాలి అన్నది మీరు అడగలేదు గానీ మీ కథంతా అక్కడే మొదలైంది. చాలా సులువు. ముక్కను తీసి, యాసిడ్ పోయేదాకా బాగా కడిగి, బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి వెళ్ళండి. సోమవారం మళ్ళీ కడిగి యాసిడ్‌లో వేయండి. మధ్యలో ఆపితే ముక్కకు ఏమీ కాదు.

అయిపోయాక ఫార్మిక్ ముక్కను చిన్నదైతే గంట నుంచి నాలుగు గంటలు, పెద్దదైతే రాత్రంతా నీటిలో కడగాలి. నైట్రిక్ ముక్క నీటిలో ఉబ్బుతుంది కాబట్టి దాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో రెండు మూడు మార్పులతో కడగడం మంచిది. ఈడీటీఏ ముక్కను మాత్రం ఆల్కహాల్‌లో నేరుగా వేయకూడదు, స్ఫటికాలు పడతాయి. దాన్ని నీటితో బాగా కడిగాకే ప్రాసెసర్‌లో (ముక్కలోని నీరు తీసి మైనం నింపే యంత్రంలో) పెట్టండి.

ఇక పాడైన రెండు బ్లాకులు. కరకరలాడిన దాన్ని కాపాడొచ్చు. బ్లాక్ ముఖం తెరిచాక, 10 శాతం ఫార్మిక్‌లో తడిపిన దూది మీద బోర్లా పెట్టి అరగంట నుంచి గంట ఉంచండి. నీటితో కడిగి, తుడిచి, చల్లబరిచి కోయండి. యాసిడ్ లోపలికి దిగేది కొన్ని పదుల మైక్రాన్లే. కాబట్టి బ్లాకును మైక్రోటోమ్‌లో మళ్ళీ సరిగ్గా అదే కోణంలో పెట్టాలి, మొదటి కొన్ని సెక్షన్లే దక్కుతాయి, వాటిని పారేయకండి. మధ్యలో పెద్ద రాయే మిగిలి ఉంటే ఈ చిట్కా చాలదు. మైనం కరిగించి, జైలీన్, ఆల్కహాల్, నీరు, ఇలా వెనక్కి నడిచి, ఫార్మిక్‌లో మళ్ళీ వేసి, ఈసారి పరీక్ష చేసి తీయాలి.

గులాబీ బ్లాకు విషయంలో మీకు పెద్దగా ఆశ పెట్టలేను. సెక్షన్‌ను నీటిదాకా తెచ్చి 5 శాతం సోడియం బైకార్బొనేట్‌లో పది నిమిషాలు ఉంచి, కడిగి, హెమటాక్సిలిన్‌లో మామూలుకు రెండు మూడు రెట్లు ఉంచండి. యాసిడ్ ఆల్కహాల్‌లో ముంచడం మానేయండి. ఇయోసిన్ సగానికి తగ్గించండి. వైగర్ట్ ఐరన్ హెమటాక్సిలిన్ ఉంటే దానితోనూ ప్రయత్నించండి. న్యూక్లియస్‌లో ఏమైనా మిగిలి ఉంటే నీలం కొంత తిరిగి వస్తుంది. మిగిలి లేకపోతే ఎంత రంగు పూసినా రాదు.

ఆ బ్లాకు మీద ఇమ్యునో స్టెయిన్‌లు మాత్రం చేయకండి, చేసినా నమ్మకండి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు, హెర్2, కేఐ-67 లాంటి క్యాన్సర్ మార్కర్లు బలమైన యాసిడ్ తర్వాత ఉన్నా లేనట్టు చూపిస్తాయి. హెర్2 జన్యువును చూసే ఫిష్ పరీక్ష అయితే సిగ్నల్ రాకుండానే పోతుంది. రొమ్ము క్యాన్సర్ ఎముకకు పాకిన మనిషికి "నెగెటివ్" అని రిపోర్ట్ వెళ్తే ఆమెకు అందాల్సిన మందు అందదు. ముక్క ఏ ద్రవంలో ఎంతసేపు ఉందో రిక్వెస్ట్ ఫారం మీద రాసి డాక్టరుకు చెప్పడం మన పనే. మజ్జలో ఇనుము చూసే పెర్ల్స్ స్టెయిన్‌కూ ఇదే గతి. యాసిడ్ ఇనుమును కూడా కరిగిస్తుంది, ఈడీటీఏ కూడా కొంత లాగేస్తుంది. ట్రెఫైన్‌లో ఇనుము కనబడలేదంటే లేదని కాదు. దాన్ని ఆస్పిరేట్ స్మియర్ (సూదితో పీల్చిన మజ్జను పూసిన స్లైడ్) మీద చూడాలి.

అసలు డీకాల్ చేయకూడని ముక్కలూ ఉన్నాయి. ఎముక మెత్తబడే జబ్బు, అంటే ఆస్టియోమలేషియా అనుమానంతో ఇలియాక్ క్రెస్ట్ (కటి ఎముక పై అంచు) బయాప్సీ వస్తే, అక్కడ డాక్టరు చూడాల్సిందే ఖనిజం చేరని ఆస్టియాయిడ్ ఎంత మందం ఉందో. యాసిడ్‌లో వేస్తే ఖనిజం చేరినదీ చేరనిదీ ఒకేలా కనబడతాయి, బయాప్సీ చేసి లాభం ఉండదు. అలాంటివి ప్లాస్టిక్‌లో బిగించి టంగ్‌స్టన్ కార్బైడ్ కత్తితో కోసే చోటికి పంపాలి. పంటి ఎనామిల్ కూడా యాసిడ్‌లో పూర్తిగా మాయమవుతుంది, ఎందుకంటే దాని బరువులో 96 శాతం ఖనిజమే.

జాగ్రత్తల్లో రెండే చెప్తాను, మిగతావి మీకు తెలిసినవే. యాసిడ్‌నే నీటిలో పోయాలి గానీ నీటిని యాసిడ్‌లో పోయకూడదు. వాడిన నైట్రిక్‌ను ఫార్మిక్ ఉన్న సీసాలోగానీ ఆల్కహాల్ వ్యర్థాల సీసాలోగానీ ఎప్పుడూ కలపకండి. అవి కలిస్తే వాయువు పుట్టి బిగించిన సీసా పగులుతుంది. వేరే సీసా, దాని మీద పెద్ద అక్షరాల్లో పేరు.

మిగిలిన సగం ఫీమర్ హెడ్‌తో నేనైతే ఇలా చేస్తాను. ఎక్స్‌రేలో తేడాగా కనబడ్డ చోటు ఎక్కడో డాక్టరును పక్కన నిలబెట్టుకుని గుర్తు పెట్టించుకుంటాను. అక్కడి నుంచి 3 మి.మీ. పలకలు నాలుగు తీస్తాను. లోపల కొవ్వు పచ్చిగా, ఎర్రగా కనబడితే పలకలను కొత్త ఫార్మలిన్‌లో ఇంకో రోజు ఉంచుతాను. తర్వాత మెత్తటి కణితి భాగం ఏమైనా గోటితో గీరితే ఊడి వచ్చేలా ఉంటే, ఎముక లేని ఆ ముక్కను విడిగా తీసి యాసిడ్ ముట్టకుండా నేరుగా ప్రాసెసర్‌లో వేస్తాను. చాలాసార్లు ఇమ్యునోకు ఆ చిన్న ముక్కే ఆధారం. రెండు పలకలు ఈడీటీఏలో, రెండు పలకలు 10 శాతం ఫార్మిక్‌లో. ఫార్మిక్‌వి రెండో రోజు నుంచి ఆక్సలేట్‌తో పరీక్షించి, వాటితో ముందు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) స్లైడ్ ఇస్తే డాక్టరుకు ఏ మార్కర్లు కావాలో తేలుతుంది. ఆ పాటికి ఈడీటీఏ పలకలు ఇంకా నానుతూ ఉంటాయి. అవి పూర్తయ్యాక మార్కర్లు వాటి మీద చేయించండి. ఫార్మిక్ పలకలు ఎప్పుడు వేస్తున్నారో, మొదటి ఆక్సలేట్ గొట్టం ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.